సాక్షి సంతకం

ఫారంలో ఆ గడి ఒక్కటే మిగిలింది.
నెక్స్ట్ ఆఫ్ కిన్.
నాకు తెలిసిన నెక్స్ట్ వేరు.
గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు
ఎక్స్‌రే గది తలుపు తీసి
వరండాలోకి వేసిన కేక అది.
ఎవరో ఒకరు లేచేవారు,
విరిగిన మణికట్టును పసిబిడ్డలా పొదువుకుని.

ఇవాళ పిలిస్తే ఏ కుర్చీ కదలదు.

లాయరమ్మ చిన్నపిల్ల, మిస్ హార్డ్‌కాసిల్.
పెళ్ళెందుకు చేసుకోలేదని అడగలేదు.
ఆ మర్యాదకే
గంటకు ఆవిడ తీసుకునే డబ్బు చెల్లు.

మా నాన్న రేపల్లెలో దస్తావేజు లేఖరి.
రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కూర్చుని
"పుత్రపౌత్ర పారంపర్యముగా
సుఖాన అనుభవించగలవారు" అని
ఊపిరి తీసుకోకుండా రాసేవాడు,
ఎవరెవరి పొలాలకో, ఎవరెవరి పిల్లలకో.
ఆ ఒక్క వాక్యం తీసేస్తే
నా వీలునామా రెండు పేజీలు.
ఇల్లు అమ్మి లైఫ్‌బోటు వాళ్ళకు.
అమ్మ గాజులు, అరిగినవి మూడు, వంగింది ఒకటి,
రాత్రి డ్యూటీల్లో నాతో టీ పంచుకున్న ఫిలోమినాకు.
బూడిద హంబర్ నీళ్ళలో,
గాలి ఎటుందో చూసుకుని.

పిల్లిని పెంచలేదు కాబట్టి ఆ పేరా లేదు.

కరివేపాకు కుండీ దగ్గరే మాట తడబడింది.
పంతొమ్మిదేళ్ళ చెట్టు.
అక్టోబరు రాగానే లోపలికి మోయాలి,
మే దాకా కిటికీలో ఎండ ఎక్కడ పడితే
అక్కడికి జరుపుతూ ఉండాలి.
పక్కింటి డెరెక్‌కు, అని రాయించాను.
చేపల పడవల మీద బతికిన మనిషి,
రెండు వేళ్ళు నార్వే సముద్రంలో వదిలి వచ్చాడు.
మిగిలిన మూడింటికీ, మెట్ల మీద జారినప్పుడు,
ఎక్స్‌రే తీసింది నేనే.

సాక్షిగా అతన్నే వెంట తీసుకెళ్ళాను.
లాయరమ్మ కళ్ళజోడు సవరించుకుంది.
సాక్షి సంతకం పెట్టినవారికి
ఇందులో ఏదీ దక్కదట.
సంతకమా, చెట్టా,
ఒకటే ఎంచుకోమంది.

డెరెక్ నా వైపు చూడలేదు.
పెన్ను అందుకున్నాడు.

కుండీ పేరా కొట్టేసి మళ్ళీ అచ్చు తీశారు.
ముందు నేను చేశాను. తర్వాత అతను,
మూడు వేళ్ళతో, గట్టుకి పడవ కట్టినట్టు,
మెల్లగా, బిగించి.
రెండో సాక్షి రిసెప్షన్ పిల్ల.
వకుళ అనే పేరు మూడు రకాలుగా పలికి
మూడుసార్లూ సారీ చెప్పింది.

బస్సులో అన్నాడు:
"చచ్చేదాకా ఆగడమెందుకు? ఇవాళే ఇచ్చెయ్."
ఆ సాయంత్రం
చెత్తబుట్టల బండి మీద ఊగుతూ
చెట్టు కంచె దాటింది.

ఇంకో కాయితం ఉంది.
నా మతి చెదిరిన రోజున
నా తరఫున మాట్లాడే మనిషి ఎవరని.
అదీ డెరెక్కే.
కాని ఆ రోజుకి నాకు ఇంగ్లీషు మిగలకపోవచ్చు.
చూశాగా, స్కానింగు బల్ల మీద,
నలభై ఏళ్ళ ఇంగ్లీషు కోటులా జారిపోయి
పోలండు తాత
వాళ్ళమ్మతో మాట్లాడటం.

అందుకని మూడు మాటలు నేర్పాను.
నీళ్ళు. నొప్పి. చాలు.
ఆటుపోట్ల క్యాలెండరు వెనకవైపు
తన అక్షరాల్లో రాసుకున్నాడు.
ళ్ళు దగ్గర నాలుక మడత పడదు, నీలూ అంటాడు.
నొప్పి మొదటిసారే వచ్చింది.

నిన్న చింతపండు పులుసు పొయ్యి మీద పెట్టి
రెండు రెబ్బలు అడుగుదామని
కంచె దగ్గర నిలబడ్డాను.
నిన్నటిదాకా నాదే ఆ చెట్టు,
అయినా అడగడంలో ఒక కొత్త సిగ్గు.
కోస్తున్నాడు, కోస్తూనే ఉన్నాడు,
నెల్లాళ్ళు సముద్రం మీదికి పోయేవాళ్ళకి
సరుకు కట్టినట్టు.

చాలు, అన్నాను.

చెయ్యి ఆగింది.