కార్డు పెట్టలేదు

తాళం తిప్పగానే ఒక ఆడగొంతు
జపాన్ భాషలో ఏదో అనేది.
రోజూ అదే మాట, అదే మర్యాద.
ఓడెక్కి న్యూజిలాండ్ వచ్చిన బండి కదా,
పలకరిస్తోంది కాబోలనుకుని
నేనూ "మోరేనా" అనేదాన్ని.
వైకువైటిలో తెల్లారి అయిదున్నరకి
నన్ను పలకరించే ప్రాణి వేరే లేదు మరి.

ఎనిమిది వేల నాలుగొందల డాలర్లు.
అందులో మూడు వేలు పిన్ని వైమారీ
ముక్కుతూ మూలుగుతూ ఇచ్చినవి.
డనీడన్‌లో ప్రెంటిస్ షెడ్డు ముందు
టైర్లకి నల్లరంగు, సీట్లకి నిమ్మవాసన.
మసిపూసి మారేడుకాయ చేస్తారు కొందరు,
ఇతను ఆ మసి కూడా కడిగేశాడు.
"అదనపు వారంటీ పదమూడు వందలే" అన్నాడు.
అంత లేదన్నాను.
నవ్వి, ఒక గడిలో నాచేత టిక్కు పెట్టించాడు.

ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకి స్నానం చేయించడం నా పని.
రోజుకి ఏడు ఇళ్ళు, మధ్యలో కిల్మోగ్ ఎత్తు.
పంతొమ్మిదో రోజున ఆ ఎత్తులో
ఇంజను అరిచింది, చక్రాలు వినలేదు.
వెనక పాల ట్యాంకరు,
దాని వెనక ప్రపంచమంతా.
అవతల గిల్‌క్రిస్ట్ గారు, తొంభై ఒకటి,
తువ్వాలు చుట్టుకుని టబ్బు అంచున
నలభై నిమిషాలు కూర్చునే ఉన్నారట.
"చలేసిందా?" అంటే
"నువ్వొస్తావని తెలుసు" అన్నారు.
అక్కడ ఏడుపొచ్చింది నాకు, కొండమీద కాదు.

ప్రెంటిస్ ఆయిల్ మార్చి "ఇక గుర్రమే" అన్నాడు.
పదకొండు రోజులకి
అదే కొండ, అదే మలుపు.
మా వీధి మెకానిక్ లాక్లన్
గేరుబాక్సు నూనె తెల్లగుడ్డ మీద అద్ది నాకు చూపించాడు:
మాడిన వాసన, పండగ మెరుపుల్లాంటి ఇనపరజను.
"ఇది నెలరోజుల జబ్బు కాదమ్మా" అన్నాడు.

ఫోన్ చేశాను. "మీరు వారంటీ కొనలేదు కదా."
వెళ్ళాను. "మీరు వారంటీ కొనలేదు కదా."
నూనె గుడ్డ బల్లమీద పెట్టాను.
గుడ్డ చూడకుండానే, "మీరు వారంటీ..."

ఆ వారమే దారిలో ఒక పిల్ల లిఫ్ట్ అడిగింది,
చిహాయా, చెర్రీలు కోయడానికి వచ్చిందట.
తాళం తిప్పాను, గొంతు పలికింది,
నేను "మోరేనా" అన్నాను,
ఆ పిల్ల నవ్వాపుకోలేక కిటికీకి తల ఆనించింది.
"అది పలకరింపు కాదు.
కార్డు పెట్టలేదు అంటోంది."
టోల్‌గేటు కార్డు.
మా దీవిలో ఒక్కటీ లేని గేట్ల కోసం
రోజూ నన్ను నిలదీస్తోందన్నమాట.

నేనూ నవ్వాను. కాసేపటికి ఆగింది నవ్వు.
ప్రెంటిస్ కూడా అంతే కదా!
రికార్డు చేసిన గొంతు,
లేని గేటు.

లైబ్రరీలో చట్టం చదివాను, వేలు పెట్టి, ఒక్కో లైనూ.
వ్యాపారి అమ్మితే చాలు,
హామీ బండితోపాటే వస్తుంది.
విడిగా కొననక్కర్లేదు.
గడిలో టిక్కుతో అది చెరిగిపోదు.
ఇంటికొచ్చి ఉత్తరం రాశాను:
బండిని తిరస్కరిస్తున్నాను, నా డబ్బు నాకివ్వండి.
తిరస్కరిస్తున్నాను.
నలభై ఆరేళ్ళలో ఆ మాట ఎవరికీ రాయలేదు,
రాయాల్సినవాళ్ళకి కూడా.

ట్రిబ్యునల్ గది చిన్నది, హీటరు పెద్దది.
"ఆవిడకి ఎత్తులెక్కడం చేతకాదు" అన్నాడు ప్రెంటిస్.
పక్కనున్న నిపుణుడు లాక్లన్ కాగితం చదివి
ఒక్కటే అడిగాడు, "మీరు పోసింది ఏ నూనె?"
ప్రెంటిస్ నీళ్ళు నమిలాడు.
మొత్తం తిరిగిమ్మని తీర్పు.
రావడానికి మాత్రం ఇంకో ఆరు వారాలు, మూడు ఉత్తరాలు.

తాళాలిచ్చేసిన రోజు
వాళ్ళ కుర్రాడు బండి లోపలికి తీస్తుంటే
ఆ గొంతు వినిపించింది చివరిసారి.
వాడు దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు మా తమ్ముడి పాత ట్రక్కు.
కొండ ఎక్కుతుంది, కుక్క కంపు కొడుతుంది.
తెల్లారి తాళం తిప్పితే ఏ మాటా రాదు.
అయినా అంటాను,
మోరేనా.