శివారు

లొల్ల లాకుల పక్కన సెక్షన్ ఆఫీసులో
ఫ్యానుకి ఒక రెక్క వంకర.
దాని టకటకలోనే నా ప్రోగ్రాం నడుస్తోంది:
మొదటి పేరులో మొదటి అక్షరం,
రెండో పేరులో మొదటి అక్షరం,
మూడో పేరులో...
నాలుగు వందల పన్నెండు తూముల పేర్లు.
ఎందాకా అందరూ ఒకే మాట మీద నడిచారో,
ఎక్కడ ఎవడు ముందు తల తిప్పాడో
చెప్పమంటే
టీ చల్లారేదాకా చెప్పదు.

గట్టుకి సైకిలు వాల్చి లోపలికొచ్చాడు
లస్కరు ఇజ్రాయేలు.
మోకాళ్లదాకా బురద, చెవి మీద బీడీ.
"ఏటండి మేడంగారూ, అన్నిట్నీ తడివి సూత్తన్నారా?"

చెప్పాను.

"నేనూ కుర్రతనంలో అంతేనండి.
పతి మడిలోనూ దిగి పాదం తడుపుకునేవోణ్ణి.
ఇప్పుడు తూము కాడ మొదటి మడి సూత్తాను,
తిన్నగా శివారుకెళ్లి ఆఖరి మడి సూత్తాను.
ఆ రెంటికీ నీరందిందంటే
నడిమోళ్లకి అందినట్టేగదండి."
బీడీ తీశాడు. ఆఫీసని గుర్తొచ్చి
మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

ముందుగా ఒక్క పేజీ పేర్లు
అక్షరక్రమంలో నిలబెట్టాను.
మొదట కోరంగి, చివర కోరుమిల్లి.
నడుమ ఎవరున్నారో అడగనే లేదు.
రెప్పపాటులో జవాబు: కోర.
కొమ్ము రాలిపోయిన ర.
ఇంకాస్త సాగితే కోరిక అయ్యేది.

కొత్తపేటని చేర్చాను.
క ఒక్కటే మిగిలింది
రేవులో ఎవరో మరిచిన ఒంటి చెప్పులా.

పలివెలని చేర్చాను.
తెర మీద రెండు కొటేషన్ గుర్తులు,
నడుమ ఏమీ లేదు.
"ఏమీ రాలేదు" అన్నాను, నేనే తప్పు చేసినట్టు.

ఇజ్రాయేలు వంగి చూశాడు.
అతనికి చదువు రాదు, గీతలు తెలుసు.
"ఇయి గట్లేనాండి? ఇటోటి, అటోటి?"
మధ్య ఖాళీ మీద వేలు ఆనించాడు.
వేలి బురద తెరకంటింది.
"మరైతే ఇది కాలవ కట్టేసిన నెలండి.
తప్పేటుంది?
పూడిక తీసేది అప్పుడేగా."

అతను వెళ్లాక కిటికీలోంచి చూశాను.
శివారుకేసి తిన్నగా పోవాల్సిన సైకిలు
నడిమి తూము దగ్గర ఆగింది.
మనిషి దిగాడు.
మడిలో పాదం పెట్టి
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఎందుకో రేపు అడగాలి.