రాయడానికి వీల్లేదు

అదొజిందా తెచ్చిన డిస్కు
ఉప్పు సంచి గుడ్డలో చుట్టి ఉంది.
"సహకార సంఘం లెక్కలు, ఇరవై రెండేళ్లవి.
పేజీ పేజీ ఫోటో తీశాను.
మీ పెట్టెకి తగిలించు, మేడంతా చూడాలి" అంది.
కూర్చోలేదు. కాఫీ అంటే చెయ్యి అడ్డంగా ఊపింది.

పెట్టె అంటే
నా వంటగది అరలో ఉన్న తెల్లది,
మెట్ల పక్కగా తీగ లాగి ఏడు కాపురాలకి కలిపినది.
బాప్తిజం ఫోటోలూ, ఫుట్‌బాల్ మ్యాచ్‌లూ,
మూడో అంతస్తు కుర్రాడి డ్రమ్ము పాఠాలూ
పీకలదాకా మింగి కూర్చుంది.
వీపున యూఎస్‌బీ నోరు ఒకటుంది గానీ
దానికి ప్రింటరు భాష తప్ప ఇంకోటి రాదు.
డిస్కు గుచ్చితే దీపం వెలిగింది, అంతే.
లోపల మనుషులుండీ
ఎవరూ పలకని ఇల్లులా.

తప్పు డిస్కుది కాదు.
ఇలాంటి చుట్టం గుమ్మంలోకొస్తుందని
పెట్టె చేసినవాళ్లు అనుకోలేదు.
వరస కలిపే చిన్న మాడ్యూలు
ఆ పాత కెర్నల్‌కి సరిగ్గా అతికేది
నేనే వండుకోవాలి.
వెర్షన్ అంకెల్లో చివరి చుక్క తేడా వచ్చినా
మొహం మీదే తలుపేస్తుంది.
వేసింది. మంగళవారం నాలుగుసార్లు.
బుధవారం ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

బయట ఫిగేరా ద ఫోష్ మీద పొగమంచు.
మొందెగు నది ఎక్కడ ఆగిందో
సముద్రం ఎక్కడ మొదలైందో
వాటికే తెలియని రాత్రి,
రెండు దాటాక
పెట్టె డిస్కుని పేరు పెట్టి పిలిచింది.
పిలిచి, వదిలేసింది.
టిక్. టిక్.
కాసేపాగి మళ్లీ టిక్.

చచ్చిపోతోందనుకున్నాను.
కాదు, ఆకలి.
ఆ వెనక నోట్లోంచి వచ్చే కరెంటు
ప్రింటరుతో కుశలప్రశ్నలకి సరిపోతుంది,
పళ్లెం తిప్పడానికి చాలదు.
పొద్దున్నే కింది లియొనెల్‌ని లేపి
వాడి ఆటల మిషను దగ్గర్నుంచి
గోడ కరెంటు తాగే హబ్బు పట్టుకొచ్చాను.
అప్పుడు తిరిగింది,
అరచేతి కింద సన్నగా వణుకుతూ.

నేను పిరికిదాన్ని. పరాయి సొమ్ముని
చదవడానికి మాత్రమే అని ఎక్కించాను.

ఏడాదికో ఫోల్డరు. ఉప్పు మడికో పేజీ.
వచ్చిన సంచులు నీలి సిరాతో, బాకీలు ఎర్ర సిరాతో.
ఊరికే, తెరుచుకుంటోందో లేదో చూద్దామని
ఎనభై ఏడు సెప్టెంబరు నొక్కాను.
ఆబీలియు. తొమ్మిదో మడి.
రెండు సంచులు, చేబదులు.
ఆ ఏడు చివర్న మళ్లీ అదే గీత,
పై ఏడూ అదే,
సంఘం మూతపడ్డ తొంభై ఎనిమిది దాకా
పదకొండుసార్లు
మా నాన్న పేరు ఎర్రగా.

తూకం దగ్గర పాదిరీతోనైనా పోట్లాడేవాడు మా నాన్న.

ఒక్క ఆజ్ఞలో ఒక్క అక్షరం మారిస్తే చాలు,
చదివేది రాసేది అవుతుంది.
అక్షరం వరకూ వెళ్లాను.
కర్సరు రెప్పలార్పుతూ నిలబడింది.
నేనూ నిలబడ్డాను.
ఆ రెండు సంచులూ తిని పెరిగినదాన్నేగా.
వెనక్కి చెరిపి, కిటికీ మూసి,
మొహం కడుక్కున్నాను.

ఎనిమిదింటికి వచ్చింది.
"కనబడుతోందా?"
"కనబడుతోంది."
"మీ నాన్నదీ?"
నేను గిన్నె తోముతూ ఉండిపోయాను.
"వడ్డీ అడగనులే" అంది అదొజిందా,
కుర్చీ లాక్కుని కూర్చుని.
"కాఫీ పెట్టు."

పై నుంచి ఎవరో మెట్ల మీద అరుస్తున్నారు,
మా తాత పేరూ ఉందిరోయ్ అని.
ఎర్రగానో నీలంగానో తెలియలేదు.

కప్పు ఖాళీ చేసి హబ్బుని తిప్పి చూసింది.
ఇంకా మూడు నోళ్లున్నాయి దానికి.
"ఇంట్లో ఇంకోటుంది" అంది లేస్తూ,
"చేపలవాళ్లది."