సైదులు ఇంకా బస్తా దించలే

తొమ్మిది రోజులయింది
సైదులును లారీ చెక్క మీద నిలబెట్టి.
మెడ మీద యాభై కిలోల బస్తా,
ఒక కాలు చెక్క మీద, ఒక కాలు గాలిల.
"అప్పుడు సైదులు" అని రాసిన,
చిన్నోడు లేసిండు.

అప్పుడు సైదులు ఏం చేసిండో
నాకే ఎరుక లేదు ఇంకా.

మిర్యాలగూడల మిల్లుల ఎనుక సందు మాది,
మేడ మీద రెండర్రలు.
ఉప్పుడు బియ్యం ఆవిరి వాసన
దిండ్లల్ల గూడ ఉంటది.
పొద్దుగాల దండెం మీద తెల్ల బనీన్లు ఆరేస్తే
పగటాలకు ఊకబూడిద పట్టి
బూడిదరంగు పిట్టల్లెక్క ఏలాడతయి.
కాయితం మీద గూడ పడతది.
ఉఫ్ అని ఊదితే
అక్షరాలు మిగుల్తయి, కొన్ని.

నోటుబుక్కు ఫ్రిజ్జు మీద పెడత.
నిలబడే రాస్త.
కూసున్ననంటే ఒళ్ళు ఖాళీగుందని వాళ్లకు తెలిసిపోతది.
చంకల చిన్నోడు, మొన్న అంగన్‌వాడి కాంట మీద
పదకొండున్నర కిలోలు.

వాడి నిద్ర నలభై నిమిషాలు.
కుక్కర్ కూతేస్తే ఇరవై.
ఎదురింటి ముత్తిలింగం బండి స్టార్ట్ చేసిండంటే
సున్న.
అందుకే నా కథలు చిన్నయి.
హైదరాబాదు నుంచి ఒకాయన, పత్రికల పనిచేస్తడట, ఫోన్ చేసి
"మీ శిల్పంలో గొప్ప క్లుప్తత ఉందమ్మా" అన్నడు.
గప్పుడే చిన్నోడు పప్పుగిన్నెల చెప్పు ఏసిండు.
మంచిదండి అని పెట్టేసిన.

పెద్దది తనూష, యూకేజీ.
నా కథల అందరి యోగక్షేమాలు దానికి కావాలె.
"అమ్మా, గా సైదులుకు మెడ నొయ్యదా?"
నొస్తది బిడ్డా.
"మరి దించుమని రాయి."
ఎట్ల దించాలెనో సమజైతలేదు.
"నన్ను స్కూలు ఆటోల నుంచి దించుతవ్ గద,
గట్లనే."

ఆయనకు బాయిలర్ కాడ రాత్రి డ్యూటీ.
పొద్దు పొడిసినంక వచ్చి పంటడు.
మా ఇంట్ల ఎవరో ఒకరు ఎప్పుడూ నిద్రల ఉంటరు,
అందరూ ఒక్కసారి మాత్రం ఎన్నడూ పండుకోరు.
నా కథలు చదవడు. చదివినట్టు నటించడు గూడ.
ఇయ్యాల దుప్పటి కప్పుకుంట అడిగిన:
హమాలి బస్తా ఎట్ల దించుతడు?
కండ్లు తెరవకనే అన్నడు,
"దించుడేందే? దించితే నడుం పోతది.
ఇడుస్తడు."
మల్ల గురక.

ఇడుస్తడు.
గా ఒక్క మాట నాలిక మీద పెట్టుకొని
రెండు టిఫిన్ డబ్బాలు కట్టిన,
నల్ల నీళ్ళు పట్టిన, చిన్నోడికి ముక్కు తుడిసిన,
కరెంటు బిల్లు కట్టి వచ్చిన,
మరిచిపోతనని కూరగాయలామె ముంగట గూడ
పెదవుల్ల అనుకున్న.
"ఏమిడుస్తవమ్మా, పావుకిలో బెండకాయకు
పైసలు ఇడువు ముందు" అన్నదామె.

రాత్రి పదకొండయింది.
చిన్నోడు భుజం మీద బరువయిండు,
అంటే నిద్రపోయిండు.
ముందు నడుం ఆనాలె పక్కకు, తర్వాత ఈపు,
తల ఆఖరికి.
తల కింది చెయ్యి మాత్రం
ఊపిరి ఒదిలినప్పుడల్లా ఒక్కో ఏలు గుంజుకోవాలె.
ఆఖరి ఏలు వాడి ఎంటికలల్ల చిక్కింది.
చానాసేపు గట్లనే వంగి ఉన్న.

ఫ్రిజ్జు మీద బుక్కు తెరిస్తే
నాకంటే ముందు ఎవరో పని కానిచ్చిండ్రు.
పచ్చ క్రేయానుతోని సైదులు,
చేతులకు ఏడేసి ఏళ్ళు, మెడ నిటారు.
పక్కన బస్తా నిలబడ్డది,
బస్తాకు గూడ కండ్లు, కాళ్ళు, నవ్వు.
స్టూలు ఎట్ల ఎక్కిందో పోరి,
నేను చూడనే లేదు.

కొట్టెయ్యలే. కింద జాగలనే మొదలువెట్టిన.
"అప్పుడు సైదులు బస్తా ఇడిసిండు.
ఇడిసినంక మెడ"

చిన్నోడు దగ్గిండు.

మెడ ఏమయిందో
రేపు, కుక్కర్ కూతకు ముందుగాల.