వాల్వు పెట్టని చోటు

లీట్రిమ్ కొండవాలున, సరస్సుకి పైన,
మలాకీ మెక్‌టియర్నన్ ఇంట్లో
మూడు రోజులుగా రాగి గొట్టాలు వంచుతున్నాను.
నా మోకాళ్ళ నిండా మసి.
ఆయన కుక్కకి నా మీద ఇంకా అనుమానం.

వంటింటి మూల పోత ఇనుము పొయ్యి,
దాని వీపున నీళ్ళ పెట్టె.
"కట్టెలు నావి. తెగులొచ్చి నాలుగు యాష్ చెట్లు పడ్డాయి.
నీళ్ళు కొండవి. మరి నీ లెక్క ఇంతయిందేం, బ్రోనా?"
నిప్పుకీ నీళ్ళకీ పొత్తు కుదర్చడమంటే మాటలా, మలాకీ?
అది మధ్యవర్తి కూలి.

గ్యాస్ అయితే ఆపితే ఆగుతుంది.
కట్టె అలా కాదు.
తలుపు మూసినా, గాలి బిగించినా
అంటుకున్న మొద్దు
చెప్పదలుచుకున్నదంతా చెప్పేదాకా ఊరుకోదు.

చూడు, ఈ రెండు లావు గొట్టాలూ
పొయ్యి నుంచి మేడ మీది సిలిండరు దాకా
ఎక్కుతూనే పోవాలి, మధ్యలో ఎక్కడా దిగకూడదు.
వేడి నీరు తేలికై పైకి పోతుంది,
చల్లారింది బరువై కిందికి వస్తుంది.
ఎవరూ తోయక్కర్లేదు.
గదుల కోసం పంపుంది, నిజమే.
కరెంటు మీద బతికేదాన్ని కాపలా పెట్టి
నేను నిద్రపోలేను.

అటక మీద, తొట్టి పైన,
గొడుగు పిడిలా వంగి నోరు తెరిచిందే, ఆ గొట్టం,
దానికి మూత లేదు, వాల్వు లేదు, ఏనాటికీ ఉండకూడదు.
నీరు మరిగితే ఊపిరి వదిలేది అక్కడే.
తొట్టి చుట్టూ గొర్రె ఉన్ని కప్పాను,
అడుగున మాత్రం కప్పలేదు,
ఇంటి వెచ్చన తగిలి గడ్డకట్టకుండా ఉంటుందని.

అన్నిటికీ తలూపాడు.
నడవలో రేడియేటరు దగ్గర మాత్రం ఆగాడు.
"దీనికి తిప్పే పిడి మర్చిపోయావు."
మర్చిపోలేదు.
"ఇక్కడెవరుంటారు? బూట్లకి వేడెందుకు?"

అప్పుడు చెప్పాను.
పద్దెనిమిదో ఏట, ఫాక్నా పెదనాన్న వెంట
పనిముట్ల సంచి మోస్తూ ఒక వంటింట్లోకి వెళ్ళాను.
పొయ్యి తలుపు తోటలో పడి ఉంది.
గోడ కొక్కేలకి టీ కప్పుల చెవులు వేలాడుతున్నాయి,
కప్పులు లేవు.
చలికి పై గొట్టం గడ్డకట్టింది.
కిందనేమో, పొదుపు తెలిసిన చెయ్యేదో
ఒక చిన్న పిడిని కుడివైపుకి తిప్పింది.
ఇంటిల్లిపాదీ చర్చిలో ఉన్నారు గనక బతికారు.

ఆ పిడిని పెదనాన్న జేబులో వేసుకున్నాడు.
పోయేదాకా ఆయన తాళాల గుత్తికి ఉండేది.
ఇప్పుడు నా వ్యాన్ తాళానికి ఉంది.
మలాకీ దాన్ని అరచేతిలో పెట్టుకు చూశాడు.
"బరువుందే," అన్నాడు.
అంతే, మళ్ళీ పిడి ఊసెత్తలేదు.

జనవరిలో తుఫాను.
రాత్రి పదకొండింటికి ఫోను.
"కరెంటు పోయింది. పంపు చచ్చింది.
పొయ్యి నిండా అప్పుడే వేసిన మొద్దులు.
చీకట్లో తడుముకుంటూ నడవలోకొచ్చాను, బ్రోనా,
రేడియేటరు చెయ్యి కాలుతోంది.
దాన్నెవరూ ముట్టుకోలేదు."

సిలిండరో?
"సగం పైన వేడి."
ఇంక కట్టె వెయ్యకు. గాలి తగ్గించు.
స్నానపు తొట్టిలోకి వేడి నీళ్ళు కాస్త వదిలెయ్.
"అటక మీద ఏదో గొణుగుతోంది."
గొణగనీ.
నోరు మూసుకున్న ఇల్లయితే నేను భయపడేదాన్ని.

కాసేపు గాలి హోరే వినబడింది.
"కుక్క బూట్ల మధ్య పడుకుంది," అన్నాడు తర్వాత,
"నా తడికోటు ఆవిరి కక్కుతోంది.
నేనూ ఇక్కడికే కుర్చీ లాక్కున్నాను."

లెక్కలో వంద తగ్గించమన్న మాట
ఆ రాత్రి రాలేదు.
మర్నాడు వచ్చింది.