రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య

మూడేళ్ళకోసారి వస్తారు వాళ్ళు.
ఈసారి అడిలైడ్ నుంచి, అద్దె కారులో,
చక్రాలకు మా తీరం ఉప్పుమట్టి అంటించుకుని:
ఒక డాక్టరు, ఒక నర్సు,
ఒక నల్ల సంచీ, అందులో మా బతుకంత చెక్‌లిస్టు.

వారం నుంచీ పెళ్ళివారు దిగుతున్నంత హడావిడి.
మార్నీ ప్రతి డబ్బా తిప్పి గడువు తేదీ చదివింది.
డాక్టర్ హెడ్లీ షుల్ట్స్ ఎన్నేళ్ళకో
తన అత్యవసర సంచీ అడుగు చూశారు:
కాలం చెల్లిన అడ్రినలిన్ ఒకటి,
ఎవరో పిల్లాడి పాలపన్ను,
గుప్పెడు గోధుమ గింజలు.

నేను రిసెప్షన్ బల్ల ముందు నేల మీద
పసుపు గీత గీయించాను,
ఒకరి రోగం ఇంకొకరి చెవిన పడకుండా.
ఈ ఊళ్ళో దాపరికం ఏమిటని నవ్వాడు జాలరి డార్సీ.
"నీ మొలల సంగతి గట్టిగా చదవనా?" అన్నాను.
గీత వెనక్కి జరిగాడు.

ఆవిడ పేరు ఓడెట్ ప్రింగిల్.
సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు మాట్లాడుతుంది.
సింకు చూసింది. చక్రాల కుర్చీ పట్టే తలుపు కొలిచింది.
టీకాల ఫ్రిజ్ దగ్గర ఆగింది.
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి,
మార్నీ గుండ్రటి అంకెలు:
నాలుగు, నాలుగున్నర, నాలుగు.
ఏప్రిల్ పదిహేడున రెండు గడులూ ఖాళీ.

నింపేయొచ్చు.
నాలుగు అని రాయడానికి ఎంత సిరా కావాలి?
కిందటి వారం ఆ మాట అన్నది నేనే.
మార్నీ జవాబు చెప్పలేదు,
పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకుంది.

"ఆ రోజు మూసేశాం," అన్నాను ఓడెట్‌తో.
"మా రోగి ఒకరిని పాతిపెట్టిన రోజు.
ఫ్రిజ్ లోపలి యంత్రం గుర్తుపెట్టుకుంది లెండి,
మనిషే చూడలేదు."

అక్కడితో ఆగొచ్చు. ఆగలేకపోయాను.

అతని రక్తపరీక్ష కాగితం ఫ్యాక్సులో వస్తే
నేనే తీశాను, నేనే ట్రేలో పెట్టాను.
దాని మీద కరెంటు బిల్లు పడింది,
బిల్లు మీద కోతల సీజను పనివేళలు.
పదకొండు వారాలు.
ఆ పదకొండు వారాల్లో నాలుగుసార్లు
ఈ బల్ల ముందే నిలబడ్డాడు,
మూడుసార్లు భార్య మాత్రల కోసం,
ఒకసారి మాకు చేపలివ్వడానికి, పాత పేపర్లో చుట్టి.
పేరు చెప్పకూడదు. గీత ఉంది కదా.

"ముందే చూసినా..." అంటారు డాక్టరుగారు.
ఆ వాక్యాన్ని ఇంతవరకూ ముగించలేదాయన.

ఓదారుస్తుందనుకున్నాను, ఓడెట్.
కళ్ళజోడు తుడుచుకుని, "ఇప్పుడెలా చూస్తున్నారు?" అంది.

ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి ఇచ్చాను.
వచ్చిన ప్రతి ఫలితం, చదివిందెవరు, ఫోన్ చేసిందెవరు.
పేరు కొట్టేయాలంటే ఆ మనిషి గొంతు వినాలి.
మూడుసార్లు ఎత్తకపోతే కారు తీస్తాను,
సైలోలు దాటి, కంకరదారి చివరిదాకా.
కుక్కలు నన్ను గుర్తుపడతాయిప్పుడు.

ప్రతి పేజీ తిప్పింది, తొందరేమీ లేనట్టు.
తర్వాత తన కాగితం మీద రాసింది:
'ఫ్రిజ్. ఒక రోజు నమోదు లేదు. సరిచేయాలి.'
సరిగ్గానే రాసింది.
మనకు దుఃఖమొచ్చిందని టీకాకు తెలుస్తుందా?

ఆగస్టులో పత్రం వచ్చింది, బంగారు అంచుతో.
పాత క్యాలెండర్ మేకుకే తగిలించాం,
కొంచెం ఎడమకు ఒరుగుతుంది, ఎవరూ సరిచేయరు.

ఇవాళ ఈస్టర్ సోమవారం, ఊరంతా పడవల మీద.
వెనక తలుపు తీసి లోపలికెళ్ళాను.
లైటు వేయకుండానే చదివాను: నాలుగు.
రాశాను.
ఆకుపచ్చ పుస్తకంలో ఇంకా కొట్టని పేరు ఒకటుంది.
సెలవు రోజే, అయినా
నంబరు నొక్కాను.

మోగుతోంది.