అరవై ఆరు

ప్యూబ్లోలో జనవరి. బయట మోకాలిలోతు మంచు.
"ఈ ఏడు కీచురాళ్లు ఎక్కువయ్యాయి" అంటాడు డెల్బర్ట్ ఓక్స్,
నా పరీక్షగది గుమ్మంలో టోపీ తీస్తూ.
మంచులో కీచురాళ్లేమిటని నేనడగను.
ఆయన భార్య వెర్నా అడగడం మానేసి ముప్పై ఏళ్లయిందట.

ఫైలు నా ఒళ్లో ఉంది.
మూడుసార్లు తిరిగొచ్చిన దరఖాస్తు.
మూడుసార్లూ ఒకటే కాగితం అడ్డం పడింది:
అరవై తొమ్మిది, ఆగస్టు, సైన్యం వదిలిన రోజు,
వినికిడి పదిహేనుకు పదిహేను.

ఎలా పరీక్షించారని పలకమీద రాసి చూపిస్తే
నవ్వాడు.
"ఓక్లాండ్‌లో ఒక షెడ్డు. నూట ఎనభైమందిమి, ఒకే వరస.
పదిహేను అడుగుల అవతల ఒక కుర్రాడు
నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఏదో గొణిగాడు.
నా ముందువాడు అరవై ఆరన్నాడు.
నేనూ అరవై ఆరన్నాను.
బయట బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది మేడమ్.
వినబడలేదంటే ఇంకో మూడు రోజులు అక్కడే."

అంతకుముందు పదమూడు నెలలు
ఫిరంగి పక్కన నిలబడి గుండ్లు అందించాడు,
చెవుల్లో సిగరెట్ ఫిల్టర్లు కుక్కుకుని.
అది ఏ కాగితంలోనూ లేదు.
మోత ఎవరికీ రసీదు ఇవ్వదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనేది మా అమ్మమ్మ.
ఇక్కడ మూడుసార్లు ఊదింది
ఈ చెవిటివాడే.

హెడ్‌ఫోన్లు పెట్టాను. బొత్తాం నొక్కుతున్నాడు.
నేనేమీ వినిపించనప్పుడు కూడా
కీచురాయి మీద గౌరవంతో నొక్కుతున్నాడు.
నాలుగు వేల దగ్గర గీత
నుయ్యి కనబడని మనిషిలా పడిపోయింది.

ఆ నూతికి తేదీ లేదు.
పైగా ఉక్కు మిల్లులో ఇరవై రెండేళ్లు. తనే చెప్పాడు,
దాచమని ఎవరూ నేర్పలేదు కాబోలు.

చట్టం నన్ను నిజం అడగదు.
సగం అడుగుతుంది.
ఆ ఫిరంగి వల్లే అనడానికి
కనీసం సగం అవకాశముందా, ఎందుకు?
కొలిమికెంత, ఫిరంగికెంత,
ఒక మనిషి నిశ్శబ్దాన్ని తక్కెడలో పోసి
ముల్లు వైపు చూస్తూ కూచున్నాను.

"సగమో, అంతకు పైనో" అని టైపు చేశాను.
కారణాలకి రెండు పేజీలు పట్టింది.
నాలుగోసారైనా ఎవరైనా చదువుతారో లేదో.

కోటు తొడుక్కుంటున్నాడు.
నాకెందుకు తోచిందో, నోటికి చెయ్యడ్డం పెట్టి
"రోడ్డు జారుతోంది, నెమ్మదిగా వెళ్లండి" అని గుసగుసలాడాను,
తెలుగులో.

నా చేతి వైపు చూశాడు. మడమలు దగ్గరికి చేర్చాడు.
"అరవై ఆరు" అన్నాడు.